ఒట్టి తునకలు: పారేసిన రెండు కిలోలు, దక్కిన ఒక కిలో

మా సూర్యాపేట వైపు వీటిని ఒట్టి తునకలంటారు. ఎండు మాంసం అన్నా అర్థమవుతుంది. మా ఆవిడది గుంటూరు జిల్లా, వాళ్ళ నాన్న ఉప్పుకండం అంటారు. పేరేదైనా పని ఒకటే. మాంసాన్ని పలుచగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, కట్టెపుల్లల్లా అయ్యేదాకా ఎండబెట్టడం.

చిన్నప్పుడు ఊళ్ళో పండగకో పెళ్ళికో యాట తెగితే, ఆ పూట తినగా మిగిలినదాన్ని నానమ్మ దండెం మీద వేలాడదీసేది. మా ఇంట్లో అప్పటికి ఫ్రిజ్ లేదు. కాకులు రాకుండా కర్ర పట్టుకుని కూర్చోవడం నా డ్యూటీ. జీతం, సాయంత్రం నిప్పుల మీద కాల్చి చేతిలో పెట్టే ఒక తునక. నానమ్మ ఎంత ఉప్పు వేసేది, ఎంత మందంగా కోసేది, ఎన్ని ఎండలు పెట్టేది, ఇవేవీ నేను చూడలేదు. నా చూపంతా కాకుల మీదే.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఫ్లాట్. పోయినేడు సంక్రాంతికి ఊరెళ్ళడం కుదరలేదు. ఆ బెంగకో ఏమో, కనుమ మర్నాడు రెండు కిలోల మటన్ తెచ్చి తునకలు పెడదామని కూర్చున్నా. కిలో 800 దాటిన రోజులు. అమ్మకు ఫోన్ కూడా చేయలేదు. ఇందులో తెలియనిదేముందిలే అనుకున్నా.

ఏమేం చేశానో వరసగా చెప్తాను. ముక్కలు బొటనవేలంత మందంగా కోశా, పలుచగా కోయడానికి ఓపిక లేక. బీపీ మాత్ర వేసుకుంటున్నా కదా అని ఉప్పు రెండు చెంచాలతో సరిపెట్టా. అల్లం వెల్లుల్లి ముద్ద బాగా పట్టించా, రుచిగా ఉంటుందని. మా బాల్కనీ ఉత్తరం వైపు. జనవరిలో అక్కడికి ఎండ రాదు, వెలుతురు మాత్రం వస్తుంది. అయినా మూడు రోజులు తీగకు వేలాడదీశా. రాత్రుళ్ళు కూడా బయటే ఉంచా, మంచులో. మూడో రోజు పట్టుకుంటే పైన చెప్పు తోలులా గట్టిగా ఉంది. అయిపోయిందనుకుని ప్లాస్టిక్ డబ్బాలో బిగించి వంటింటి అలమరలో పెట్టా.

తొమ్మిదో రోజు మూత తీస్తే తడిసిన గోనెసంచి లాంటి వాసన. పైన ఉన్న ముక్కల మీద తెల్లగా, మధ్యమధ్య ఆకుపచ్చగా నూగు. ఒక ముక్కను రెండు చేతులతో పట్టి చీల్చా. బయట నల్లగా ఎండిన పెంకు, లోపల ఇంకా ఎర్రగా, మెత్తగా, వేలికి జిగురు అంటుకునేంత తడి.

వరసకు బాబాయి అయ్యే ఒకాయన ఆ సాయంత్రం ఇంటికొచ్చారు. "అంత డబ్బు పోసి కొన్నావు, ఉప్పునీళ్ళతో కడిగి, మళ్ళీ ఎండబెట్టి, నూనెలో బాగా వేయించు. మంటకు ఏ పురుగైనా చస్తది" అన్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది. మా ఆవిడే అడ్డం పడింది. "ఏవండీ, పదహారు వందలకు చూసుకుంటే ఆస్పత్రిలో ఎంతవుతుందో లెక్కేసుకోండి" అని డబ్బాతో సహా మూటకట్టి చెత్తబండికి ఇచ్చేసింది.

ఆవిడ చేసిందే రైటని నాకు తర్వాత తెలిసింది. మంటకు బ్యాక్టీరియా చస్తుంది, సరే. కానీ అది చచ్చేలోపు మాంసంలో వదిలిపెట్టిన విషం సంగతి వేరు. మన చేతుల మీదా ముక్కులోనూ మామూలుగా ఉండే స్టెఫైలోకోకస్ అనే బ్యాక్టీరియా వదిలే విషం మరిగించినా, వేయించినా పోదు. పాడైనదాన్ని ఉడికించి బాగుచేయొచ్చన్న మాట ఇక్కడ చెల్లదు. బాబాయికి ఆ మాట చెప్పలేదనుకోండి.

ఆ తర్వాతే అమ్మకు ఫోన్ చేశా. ముందు నవ్వింది, తర్వాత తిట్టింది. "చలికాలం ఎవలన్న తునకలు పెడ్తరా? ఎండ లేదు, గాలి లేదు. అల్లమెల్లిగడ్డ ఎందుకు పెట్టినవ్? తడి కదా అది. కూర వండేటప్పుడు వేసుకోవాలె గవన్ని."

"ఉప్పు ఎంత వేయాలమ్మా?"

"కలుపుతుంటే చేతికి తెలుస్తది బిడ్డా."

"ఎంత మందం కోయాలి?"

"ఎండకు పట్టుకుంటే వెలుగు కనపడాలె."

నా చేతికి తెలియదు. అందుకే వంటింటి తూకం మిషన్ కొన్నా, గ్రాముల్లో చూపించేది. మాంసంలో గుచ్చి చూసే థర్మామీటర్ ఒకటి, పాత ఓటీజీ, అదే చిన్న కరెంటు ఓవెన్, ఎలాగూ ఉంది. ఏప్రిల్ వచ్చేదాకా దొరికినప్పుడల్లా చదివా.

చదివితే తేలింది ఏమిటంటే, పచ్చి మాంసంలో ముప్పావు వంతు నీళ్ళే. క్రిములకు కావాల్సింది ఆ నీళ్ళు. ఎండ కొన్ని నీళ్ళను బయటికి లాగేస్తుంది. మిగిలిన నీళ్ళను ఉప్పు పట్టుకుని క్రిములకు అందకుండా చేస్తుంది. ఉప్పు తగ్గించానంటే ఎండ మీద రెట్టింపు భారం వేసినట్టు. ఎండా లేని చోట ఉప్పూ తగ్గించాను నేను. ఇక మందపు ముక్క అయితే పై పొర ముందే ఎండి గట్టిపడిపోతుంది, లోపలి తడికి బయటికొచ్చే దారి మూసుకుపోతుంది. నేను చీల్చి చూసింది అదే. తోలులా తగిలింది కదా అని మోసపోయా.

ఈ చదువులోనే, మాంసం నిలవకు వాడే నైట్రైట్ ఉప్పు దగ్గర కొన్నాళ్ళు ఆగిపోయా. ఆఫీసులో ఒక స్నేహితుడు ఇంట్లో బేకన్, అంటే ఉప్పు పట్టించిన పంది మాంసం, చేస్తాడు. అతను వాడే గులాబీ రంగు క్యూరింగ్ ఉప్పులో 6.25 శాతం సోడియం నైట్రైట్ ఉంటుంది, మిగతాది మామూలు ఉప్పు. కిలో మాంసానికి రెండున్నర గ్రాములే వేయాలి. చెంచాతో కొలవకూడదు, తూచాలి. ఎక్కువైతే అదే విషం. మామూలు ఉప్పనుకుని పొరపాటున వాడకుండా దానికి ఆ రంగు కలుపుతారు. మనవాళ్ళలో కొందరు ఇక్కడే బోల్తా పడుతున్నారు. కిరాణా షాపుల్లో హిమాలయన్ పింక్ సాల్ట్ అని అమ్మేది సైంధవ లవణం. రంగు ఒకటే, సంబంధం మాత్రం లేదు, అందులో నైట్రైట్ ఉండదు. సురేకారం వేస్తే మాంసం ఎర్రగా నిలుస్తుందని ఇంకొకాయన చెప్పాడు. టపాకాయల మందులో కలిపే సురేకారాన్ని అంగట్లో తెచ్చి కూరలో వేసే ధైర్యం నాకు లేదు, మీకూ వద్దు.

అసలు నైట్రైట్ అవసరం ఎక్కడంటే, మాంసాన్ని ఖైమా కొట్టి పేగుల్లో కూరి, గాలి తగలకుండా వారాల తరబడి ఉంచే సాసేజ్‌ల లాంటి వాటిలో. గాలి లేని చోట పెరిగి బోటులిజం అనే జబ్బు తెచ్చే క్రిమికి అది అడ్డుకట్ట. ఆ జబ్బు పేరే లాటిన్‌లో సాసేజ్ అనే మాట నుంచి వచ్చింది. 1820ల్లో జర్మనీలో యుస్టినుస్ కెర్నర్ అనే డాక్టర్ సాసేజ్ తిని పడిపోయిన రోగుల లక్షణాలను వివరంగా రాసిపెట్టాడు. మన తునకలు పలుచనివి, నాలుగు వైపులా గాలాడేవి, రోజుల్లోనే ఎండిపోయేవి. వాటికి ఉప్పూ ఎండా చాలు. ఆ స్నేహితుడి మాట అక్కడితో వదిలేశా.

ఏప్రిల్ ఆఖరి వారం. బయట 41 డిగ్రీలు, గాలి పొడిగా ఉంది. ఈసారి ఒక్క కిలోనే. తొడ భాగం, ఎముక లేకుండా. షాపతను ముక్కలు కొట్టబోతుంటే ఆపి గడ్డలాగే ఇమ్మన్నా. ఇంటికి తెచ్చి కడిగి, శుభ్రమైన బట్టతో తడి అద్ది, కొవ్వంతా తీసేశా. కొవ్వులో ఉండేది నీళ్ళు కాదు, ఎండకు ఎండదు. పైగా నెల తిరక్కుండా పాత నూనె వాసన కొడుతుంది. తర్వాత గడ్డను గంటన్నర ఫ్రీజర్‌లో పెట్టా. పూర్తిగా గడ్డకట్టకుండా, నొక్కితే కాస్త గట్టిగా తగిలేలా. అప్పుడు కత్తి చెప్పినట్టు వింటుంది. పీచు వెంబడి పొడుగ్గా కోశా. అడ్డంగా కోస్తే వేలాడదీసేటప్పుడు తెగిపోతాయి. నాలుగైదు మిల్లీమీటర్ల మందం. ఒక ముక్కను కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుంటే ఎర్రటి వెలుగు కనిపించింది. అమ్మ చెప్పిన కొలత అదేనన్నమాట.

కిలోకి 40 గ్రాముల ఉప్పు, ఒక చెంచా పసుపు. అంతే. గిన్నెలో కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచా. ఉప్పు పట్టించి బయట వదిలేస్తారు కొందరు. నాలుగు డిగ్రీలకూ అరవై డిగ్రీలకూ మధ్య మాంసాన్ని ఉత్తినే కూర్చోబెట్టడం క్రిములకు విందు పెట్టడమే. తెల్లారేసరికి గిన్నె అడుగున ఎర్రటి నీళ్ళు దిగాయి. అవి వంచేసి తూస్తే 952 గ్రాములు.

టెర్రస్ మీద బట్టలారేసే స్టాండుకు నూలు దారాలు కట్టి, ముక్కకూ ముక్కకూ తగలకుండా వేలాడదీశా. చుట్టూ దోమతెర. ఈగ వాలితే గుడ్లు పెట్టి పోతుంది, అన్నిటికంటే అదే పెద్ద బెడద. స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు, చీమలకు. ఉదయం ఎనిమిదికి పెట్టి సాయంత్రం ఐదున్నరకు దింపేవాణ్ణి. రాత్రి బయట ఉంచలేదు. పళ్ళెంలో పరిచి ఫ్రిజ్‌లో పెట్టా. నానమ్మ పొయ్యి పైన వేలాడదీసేది, పొగకూ సెగకూ. మా గ్యాస్ పొయ్యికి అంత సీన్ లేదు.

పక్క ఫ్లాట్ పెద్దావిడ ఒకరు శాకాహారులు. వాళ్ళ వడియాలు ఆ చివర, నా తునకలు ఈ చివర. ఆమె ఏమీ అనలేదు గానీ మర్నాటికి వడియాల చాప ఇంకో పది అడుగులు జరిగింది.

మొదటి రోజు సాయంత్రం తూకం 598. రెండో రోజుకు 421. ఈ అంకెలు ఫ్రిజ్ తలుపుకు అంటించిన కాగితం మీద రాస్తుంటే పిల్లలు స్కోరు చూసినట్టు వచ్చి చూసేవాళ్ళు.

మూడో రోజు మధ్యాహ్నం గుండె జారింది. ముక్కల మీద తెల్లగా ఏదో పట్టింది. మళ్ళీ బూజేనా? నాలుగు రోజుల కష్టం, మళ్ళీ చెత్తబండేనా అనుకుంటూ ఒక ముక్క పట్టుకుని కిందికి దిగా. చదివినప్పుడు మనసులో పెట్టుకున్న ఉపాయం గుర్తొచ్చి, తెల్లదనం మీద వేలితో ఒక నీటి చుక్క పెట్టా. రెండు నిమిషాలకు కరిగి మాయమైంది. బూజైతే కరగదు, నూగులా అలాగే ఉంటుంది, పీలిస్తే మట్టి వాసన వస్తుంది. ఇది ఉప్పు. లోపలి నీళ్ళు పోతూపోతూ ఉప్పును పైకి తెచ్చి చిన్న చిన్న గింజలుగా వదిలేశాయి. భూతద్దం పెట్టి చూస్తే చదరంగా మెరుస్తున్నాయి. ఆ పూట టీ రెండు కప్పులు తాగా.

ఆ సాయంత్రం 352. మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. చాలనిపించింది. అదే రోజు రాత్రి బస్సుకు అమ్మ వచ్చింది. చెప్పులు విడుస్తూనే "ఏవి, తే" అంది. పళ్ళెం చూపిస్తే ఒక తునక తీసి, రెండు వేళ్ళ మధ్య వంచింది. విరగలేదు, వంగింది. చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ వంచింది.

"ఇంకొక్క ఎండ పడాలె."

"మూడో వంతుకు వచ్చిందమ్మా, మిషన్ చెప్తుంది."

"మిషన్‌కు పండ్లున్నయా?"

మర్నాడు మళ్ళీ పెట్టా. సాయంత్రానికి 336. అంటే కిలో మీద పదహారు గ్రాముల నీళ్ళు మిగిలాయని అమ్మ రెండు వేళ్ళతో చెప్పేసింది. ఈసారి వంచితే టక్కున విరిగింది. విరిగిన చోట లోపల కూడా బయటి రంగే, ఎక్కడా ఎరుపు లేదు.

తర్వాత నేను చేసిన పని అమ్మకు నచ్చలేదు. ఓటీజీని 135 డిగ్రీలకు వేడి చేసి తునకలను పది నిమిషాలు అందులో పెట్టా. ఎండ వేడికి క్రిములు ఆగిపోతాయే తప్ప అన్నీ చావవు. పైగా నెమ్మదిగా ఎండుతున్న కొద్దీ కొన్ని వేడికి మొండికేస్తాయి. అందుకే బయటి దేశాల్లో జెర్కీ అనే ఎండు మాంసం చేసేవాళ్ళకు, ఎండబెట్టక ముందే మాంసం లోపల 71 డిగ్రీలు వచ్చేలా వేడిచేయమని చెప్తారు. కోడి మాంసానికైతే 74. అదే అన్నిటికంటే మంచి పద్ధతి. ఆ థర్మామీటర్ నేను కొన్నది అందుకే. కానీ ముందే ఉడికిస్తే తునక రుచి మారుతుందని అమ్మ ఫోన్‌లోనే కొట్టిపారేసింది. జెర్కీని అలాగే నములుతారు, మనం తునకలను కుక్కర్‌లో ఉడికించి తింటాం, అంత తేడా ఉంది. అయినా మా చిన్నోడు దారిలో పోతూ ఒకటి నోట్లో వేసుకునే రకం. వాడి కోసమే ఈ ఓటీజీ మెట్టు. "ఎండినదాన్ని మళ్ళ ఎండబెడ్తున్నవ్" అని అమ్మ గొణిగింది గానీ ఆపలేదు.

పూర్తిగా చల్లారాకే గాజు సీసాలో పెట్టా. మొదటిసారి ఆ ఓపిక కూడా లేదు నాకు. కాస్త వెచ్చగా ఉన్నా మూత లోపల చెమట పడుతుంది, ఆ చుక్కలు చాలు. సీసా మీద తేదీ, 336 అని బరువు రాశా. వారం పాటు రోజూ ఒకసారి ఊపి చూశా, గోడలకు తడి పట్టిందేమోనని. పట్టలేదు. పట్టి ఉంటే మళ్ళీ ఎండకే. అలమరలో నెల రోజులు ఉంచి, మృగశిర కార్తె రాగానే ఫ్రిజ్‌లోకి మార్చా. వానాకాలం గాలిని నమ్మలేం.

ఇదంతా విని మా ఆవిడ "మరి మా అమ్మ మటన్ పచ్చడి మాటేమిటి?" అంది. అక్కడ నేను ఇబ్బందిలో పడ్డా. అత్తగారి పచ్చడి అమృతం. ఆమె దాన్ని పైన నూనె తేలేలా జాడీలో పెట్టి నెలల తరబడి బయటే ఉంచుతుంది. నూనె గాలి తగలనివ్వదు కాబట్టి చెడదని మన నమ్మకం. బోటులిజం క్రిమికి కావాల్సిందీ గాలి లేకపోవడమే. దాని విత్తనాలు వంద డిగ్రీల మరుగుకు చావవు, 121 డిగ్రీల ఒత్తిడి ఆవిరి కావాలి. వాటిని మొలకెత్తకుండా ఆపేది పులుపు, ఉప్పు, తడి లేకపోవడం, చలి. పులుపైతే దాని కొలత పీహెచ్ 4.6 కంటే కిందికి రావాలి, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. నిమ్మరసం చాలా పుల్లనిదే గానీ, అది మసాలాలో కలిసినంత సులువుగా ముక్క నడిమికి చేరిందో లేదో మన నాలుక చెప్పలేదు. ఆ విషం ఉన్నా వాసన రాకపోవచ్చు, రుచీ మారకపోవచ్చు.

ఇదంతా అత్తగారికి నేరుగా చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? ఆమె పంపిన పచ్చడిని చిన్న సీసాల్లోకి సర్ది, ఒకటి ఫ్రిజ్‌లో, మిగతావి ఫ్రీజర్‌లో పెడుతున్నాం. ఫోన్‌లో అడిగితే "అయిపోయిందత్తయ్యా, మళ్ళీ పంపండి" అంటున్నా. ఆమెకు సంతోషం, మాకు పచ్చడి. మా వదిన అమెరికాకు రెండు సీసాలు పట్టుకెళ్తానంది గానీ, అక్కడి కస్టమ్స్ వాళ్ళు మన దగ్గరి నుంచి మాంసం పచ్చడిని రానివ్వరు. ఆవకాయతో సరిపెట్టుకుంది.

మాంసం నిలవుండటమే ముఖ్యమైతే ఫ్రీజర్‌ను మించింది లేదు. మైనస్ 18లో పడేస్తే ఈ టెర్రస్, దోమతెర, తూకం, టెన్షన్ ఏవీ అక్కర్లేదు. తునకలు పెట్టేది తునకల రుచి కోసమే. ఫ్రీజర్ మాంసం ఎంత వండినా ఆ రుచి రాదు.

అమ్మ ఉన్న వారంలోనే చింతచిగురు దొరికింది. గుప్పెడు తునకలను రోట్లో వేసి నాలుగు దెబ్బలు వేసింది, పీచు విడేలా. వేడినీళ్ళలో అరగంట నానబెట్టి ఆ నీళ్ళు పారబోసింది, ఉప్పు దిగుతుందని. తర్వాత కొత్త నీళ్ళతో కుక్కర్‌లో ఆరు విజిల్స్. మొదటిసారి నేను ముందే పూసి పాడుచేసుకున్న అల్లం వెల్లుల్లి ఇప్పుడు నూనెలో పడింది. చిగురు నలిపి పైన చల్లి మూతపెట్టింది. జొన్నరొట్టెలు మా ఆవిడ చేసింది. గుంటూరు పిల్ల అయినా రొట్టె చేతితో కొట్టడం నేర్చేసుకుంది.

అమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. నేను పళ్ళెం ముందు పెట్టుకుని తినకుండా చూస్తూ కూర్చున్నా.

"ఉప్పు జర ఎక్కువైంది" అంది. "అయినా గంతే ఉండాలె."

వెళ్ళేటప్పుడు సీసాలోంచి సగం తునకలు కాగితంలో పొట్లం కట్టించుకుంది. ఊళ్ళో ఇప్పుడు ఎవరూ పెట్టడం లేదట.